1991 ఆగస్టు, మాస్కో: మీ పెదనాన్న చక్కెర లైన్లోనే ఉన్నారు, నమ్మండి

మీ ప్రశ్న ఇది. మీ పెదనాన్న గారు 1991లో మాస్కోలో చదువుకుంటున్నారు. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను దించేయాలని కుట్ర జరిగిన ఆ మూడు రోజులు ఎలా గడిచాయని అడిగితే "ఏముందిరా, చక్కెర కోసం లైన్లో నిలబడ్డాను" అని తేల్చేస్తున్నారు. మీరేమో వీడియోల్లో ట్యాంకులు చూశారు, లక్షల జనాన్ని చూశారు, ట్యాంకెక్కి కాగితం చదువుతున్న రష్యా రిపబ్లిక్ అధ్యక్షుడు యెల్ట్సిన్‌ను చూశారు. పెదనాన్న మర్చిపోయారా, దాస్తున్నారా, అసలు ఆయన అక్కడ ఉన్నారా అని మీ అనుమానం.

సూటిగా చెప్పేస్తాను. ఆయన మర్చిపోలేదు, దాచడమూ లేదు. ఆ మూడు రోజులూ మాస్కోలో ఎక్కువమంది చేసింది అదే. పనికి వెళ్ళారు, లైన్లలో నిలబడ్డారు, రాత్రి రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఊరి జనాభా అప్పటికే 90 లక్షల దాకా ఉంది. వైట్ హౌస్ (అమెరికాది కాదు, మాస్కోలో రష్యా రిపబ్లిక్ పార్లమెంటు భవనం, యెల్ట్సిన్ ఉన్నది అక్కడే) ముందు జనం బాగా కిక్కిరిసిన పూట కూడా లక్ష అని కొందరు, రెండు లక్షలని కొందరు అంటారు. పెద్ద లెక్కే తీసుకున్నా మిగతా 88 లక్షల మంది ఇంకెక్కడో ఉన్నట్టే కదా. ఆ ఇంకెక్కడో ఏం జరిగిందో ఎవరూ వీడియో తీయలేదు, అంతే.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1987లో మాస్కో వెళ్ళాను, లుముంబా యూనివర్సిటీలో మొదటి ఏడాది రష్యన్ భాష, తర్వాత ఇంజనీరింగ్, ఆ తర్వాత 2003 దాకా మందుల వ్యాపారానికి వచ్చే మనవాళ్ళకి దుబాసీ పని. ఇప్పుడు హైదరాబాద్‌లో రష్యన్ పాఠాలు చెప్తున్నాను. దుబాసీ పనిలో ఎదురుచూపులే ఎక్కువ. గోడౌన్ ముందు లారీలో, రాత్రి రైల్లో, ఎవరో ఒకరితో మాట్లాడుతూ గంటలు గడపాలి. నా దగ్గర ఒక అలవాటు ప్రశ్న ఉండేది: "పంతొమ్మిదో తారీఖు పొద్దున మీరెక్కడున్నారు?" నెలా ఏడాదీ చెప్పక్కర్లేదు, ఆ వయసు వాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది. డ్రైవర్లనీ నర్సులనీ లెక్చరర్లనీ, ఆ రోజుల్లో ట్యాంకుల మీద కూర్చుని ఊళ్ళోకి వచ్చిన ఒకరిద్దరు మాజీ సైనికులనీ కూడా అడిగాను. కింద రాసేది వాళ్ళ దగ్గర విన్నదీ నేను చూసిందీ కలిపి.

జరిగింది ఏంటో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఆగస్టు 19 సోమవారం పొద్దున ఆరింటికి రేడియోలో ప్రకటన వచ్చింది. గోర్బచేవ్‌కు ఒంట్లో బాగాలేదట, ఉపాధ్యక్షుడు యనాయెవ్ బాధ్యతలు తీసుకున్నాడట, ఇకనుంచి అత్యవసర పరిస్థితి కమిటీ దేశాన్ని నడుపుతుందట. ఎనిమిది మంది కమిటీ, అందులో ప్రధాని పావ్లోవ్, కేజీబీ అధిపతి క్రూచ్‌కోవ్, రక్షణ మంత్రి యాజోవ్, హోంమంత్రి పూగో కూడా ఉన్నారు. గోర్బచేవ్ సెలవు మీద క్రిమియాలో ఫోరోస్ అనే చోట ఉంటే, ముందురోజే ఆయన ఫోన్లు కట్ చేశారు. రిపబ్లిక్కులకు (సోవియట్ యూనియన్‌లో మన రాష్ట్రాల్లాంటివి) ఎక్కువ అధికారాలిచ్చే ఒప్పందం మీద 20న సంతకాలు జరగాలి, అది ఆపాలనే ఈ తొందరంతా. 21 మధ్యాహ్నానికి సైన్యం వెనక్కి మళ్ళింది, 22 తెల్లవారుజామున గోర్బచేవ్ మాస్కోలో దిగాడు, డిసెంబరు ఆఖరుకి సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు.

ఇక చక్కెర. చక్కెరే ఎందుకు, రొట్టె ఎందుకు కాదు? ఇది మీ పెదనాన్న చెప్పి ఉండరు. మనకి ఎండాకాలం ఆవకాయ ఎలాగో, ఆగస్టు అక్కడ జామ్ కాచే నెల. ఊరి బయట దాచా అని చిన్న తోట, అందులో చెక్క ఇల్లు ఉంటుంది, యాపిల్స్, స్మొరోదినా అని నల్లటి పుల్లటి చిన్న పళ్ళు అన్నీ ఒక్కసారే పండుతాయి. పళ్ళు ఆగవు, చక్కెర మాత్రం తలోన్ మీదే ఇస్తారు. తలోన్ అంటే మన రేషన్ కూపన్. దానికి తోడు ఆ ఏడాది జనం అప్పటికే రెండు దెబ్బలు తిని ఉన్నారు. జనవరిలో 50, 100 రూబుళ్ళ నోట్లు చెల్లవని రాత్రి వార్తల్లో చెప్పి మార్చుకోడానికి మూడు రోజులిచ్చారు (2016 నవంబరులో మా ఆవిడ నోట్ల కట్ట పట్టుకుని కంగారు పడుతుంటే నాకు నవ్వొచ్చింది, నాకది రెండోసారి). ఏప్రిల్లో ధరలు పెంచారు, ఎన్నో ఏళ్ళుగా 5 కోపెక్కులున్న (మన పైసల్లాంటివి) మెట్రో టికెట్ 15 అయింది. అలాంటి జనానికి పొద్దున్నే రేడియోలో కమిటీ అని వినపడితే ముందు ఏం గుర్తొస్తుంది? ఉప్పు, అగ్గిపెట్టెలు, సబ్బు. యుద్ధం చూసిన ముసలమ్మలు వరసపెట్టి చెప్పేవి ఆ మూడే. నాలుగోది చక్కెర.

నేనూ ఆ లైన్లోనే ఉన్నాను. నా కోసం కాదు, మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే వాచ్‌మన్ ఆవిడ కోసం. ఆవిడ డ్యూటీ వదిలి వెళ్ళడానికి లేదు, నాకు సెలవులు. తలోన్లు ఒక కవర్లో పెట్టి, వల సంచీ చేతికిచ్చి "ట్యాంకులొస్తే రానీ, నువ్వు లైన్ వదలకు" అంది. జోక్ కాదు, సీరియస్‌గానే అంది.

అక్కడ లైన్ పద్ధతి మనలా తోసుకోవడం కాదు. వెళ్ళగానే "క్తో పస్లేద్నియ్?" అని అడగాలి, అంటే ఆఖరున ఎవరు అని. ఒకరు చెయ్యెత్తుతారు. ఇక ఆ మనిషి వెనక మీరు. పక్కకెళ్ళి సిగరెట్ తాగొచ్చు, ఇంకో కొట్లో ఇంకో లైన్లో కూడా చోటు పట్టుకోవచ్చు, ఆ మొహం గుర్తుంటే చాలు. నా ముందు ఆకుపచ్చ రుమాలు కట్టుకున్న పెద్దావిడ. ఇప్పటికీ ఆ రుమాలు మీద తెల్ల చుక్కలు గుర్తున్నాయి, యనాయెవ్ మొహం గుర్తుతెచ్చుకోవాలంటే మాత్రం ఫొటో చూడాలి.

తొమ్మిదో పదో అయి ఉంటుంది, లెనిన్‌స్కీ ప్రాస్పెక్ట్ అనే పెద్ద రోడ్డు వైపు నుంచి నేల అదరడం మొదలైంది. ముందు కాళ్ళకి తెలిసింది, తర్వాత కొట్టు అద్దానికి, ఆ తర్వాతే చెవికి. లైన్ మొత్తం తల తిప్పింది. సాయుధ శకటాలు, వాటి వెనక ట్యాంకులు, డీజిల్ పొగ. ముందు బండి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగింది! నిజంగా ఆగింది. ఊరిని ఆక్రమించడానికి వస్తున్న ట్యాంకు ట్రాఫిక్ సిగ్నల్‌కి ఆగడం, ఆ పక్కనే ఒక ట్రాలీబస్సు, అందులో జనం కిటికీలోంచి ట్యాంకును చూడటం. ఈ ఎర్రలైటు ముచ్చట తర్వాత నాకు వేర్వేరు పేటల వాళ్ళు చాలామంది చెప్పారు, కాబట్టి నేను ఊహించుకున్నది కాదు. ఎవరూ లైన్ వదల్లేదు. ఎవరో "ఎన్ని?" అన్నారు, ఇంకెవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు, ఇంతలో కొట్టు తలుపు తెరిచారు, లెక్క అక్కడే ఆగిపోయింది. మొత్తం ఊళ్ళోకి దించినవి దాదాపు 350 ట్యాంకులు, 4 వేల మంది దాకా సైనికులని తర్వాత చదివాను. తారురోడ్డు మీద వాటి గొలుసుల గాట్లు మాత్రం ముగ్గు చుక్కల్లా వరసగా చాలా రోజులు ఉండిపోయాయి.

భయం వేయలేదా అంటారు. వేసింది, కానీ ట్యాంకును చూసి కాదు. ట్యాంకు మీదున్న పిల్లాడికి పద్దెనిమిదో పంతొమ్మిదో, మొటిమలింకా తగ్గలేదు, ఎక్కడికి తెచ్చారో వాడికే తెలియదు. వచ్చిన గంటకల్లా ముసలమ్మలు ఆ పిల్లల్ని చుట్టుముట్టి "ఎవర్ని కాలుస్తావురా, మీ అమ్మనా?" అని ఒక చేత్తో తిడుతూ రెండో చేత్తో పిరోజ్కీలు పెట్టారు (కాబేజీ కూరిన బన్నుల్లాంటివి). అలా వచ్చిన ఒకతను పదేళ్ళ తర్వాత నాకు డ్రైవర్‌గా పనిచేశాడు. ఆ మూడు రోజుల్లో తిన్నంత తిండి సైన్యంలో రెండేళ్ళలో తినలేదన్నాడు. నిద్ర మాత్రం పోలేదట, పిల్లలు ఎక్కి ఆడుతుంటే ఎక్కడ ఏ మీట నొక్కుతారోనని.

నాకు భయం రాత్రి వచ్చింది, గదిలో. నా క్లాస్‌మేట్, రష్యన్ కుర్రాడు, ఒక ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వచ్చాడు. కరపత్రాలు, ఏదో సంఘం సభ్యుల జాబితా. విదేశీ విద్యార్థుల గదులు వెతకరు, నాలుగు రోజులు ఉంచు అన్నాడు. తీసుకున్నాను. బియ్యం సంచీలో అడుగున పెట్టాను. ఇక రాత్రంతా లిఫ్ట్ చప్పుడైతే చాలు లేచి కూర్చోవడం. వీసా పోతుంది, డిగ్రీ పోతుంది, నాన్న చేసిన అప్పు ఎవరు తీరుస్తారు, ఇవే. పొద్దున్నే వెళ్ళి తిరిగిచ్చేశాను. వాడేం అనలేదు, "పర్లేదు, అర్థమైంది" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ బాగుండదు నాకు. మీ పెదనాన్నకీ ఇలాంటి బియ్యం సంచీ ఒకటి ఉండి ఉండొచ్చు, అడిగినా చెప్తారని అనుకోకండి.

పెద్దవాళ్ళ భయం వేరే రకం. ఒక నర్సు చెప్పింది, వాళ్ళమ్మ ప్రకటన వినగానే మారుమాట్లాడకుండా వంటింట్లోకెళ్ళి సింక్‌లో ఉత్తరాలు కాల్చడం మొదలుపెట్టిందట. ఏ ఉత్తరాలు, ఎవరివి అని అడిగితే చెప్పలేదు, చచ్చిపోయేదాకా చెప్పలేదు. స్టాలిన్ కాలం చూసిన చేతులు అవి, బుర్ర ఆలోచించేలోపే పని చేసేస్తాయి.

మా హాస్టల్లో ఇంకో విచిత్రం. లుముంబా అంటే ఆఫ్రికా, లాటిన్ అమెరికా, అరబ్బు దేశాల పిల్లలంతా ఉండే చోటు. మేం భారతీయులం ట్రాన్సిస్టర్ చుట్టూ మూగి టెన్షన్‌తో చస్తుంటే, ఘనా నుంచి వచ్చిన ఒక సీనియర్ తాపీగా గుడ్లు వేయించుకుంటున్నాడు. వాళ్ళ దేశంలో చిన్నప్పటినుంచీ ఇలాంటివి చూసినవాడు. "ఫోన్లు పనిచేస్తున్నాయా?" అన్నాడు. పనిచేస్తున్నాయి. "ఎయిర్‌పోర్ట్ మూశారా?" లేదు. "ఆ యెల్ట్సిన్‌ను పట్టుకున్నారా?" లేదు. "అయితే పడుకోండి, వీళ్ళకి చేతకాదు" అని గరిట కడుక్కుని వెళ్ళిపోయాడు. తర్వాత ఈ కుట్ర ఎందుకు విఫలమైందని పెద్దపెద్ద విశ్లేషణలు చాలా చదివాను. ఆ గుడ్ల పెనం దగ్గర చెప్పినదానికంటే అదనంగా ఉన్నది ఒక్కటే, సైన్యంలోనే చాలామందికి, ఆల్ఫా లాంటి ప్రత్యేక దళాలకి కూడా, సొంత జనం మీదికి వెళ్ళడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు ఎవరూ ఒప్పుకోని విషయం ఒకటి. మొదటిరోజు చాలామందికి హమ్మయ్య అనిపించింది. కమిటీ ధరలు తగ్గిస్తామంది, అడిగిన పట్నవాసికల్లా 15 సోతక్‌ల భూమి ఇస్తామంది. అంటే 1500 చదరపు మీటర్లు, మన లెక్కలో 37 సెంట్లు. లైన్లో నా ముందున్న పెద్దావిడ రెండుసార్లు అడిగింది, "పదిహేనన్నారా, పదిహేనే అన్నారా?" అని. మా వాచ్‌మన్ ఆవిడ అయితే "ఎవరో ఒకరు సర్దాలి కదా, ఈయన వల్ల కావట్లేదు" అంది. గురువారానికి ఆవిడే యనాయెవ్‌ను నోటికొచ్చినట్టు తిడుతోంది. అబద్ధమాడుతోందని నేననను. సోమవారం సాయంత్రం ప్రెస్ మీట్ టీవీలో వచ్చింది, అందులో యనాయెవ్ చేతులు వణుకుతూ కనిపించాయి. ఇరవై నాలుగేళ్ళ విలేకరి అమ్మాయి లేచి, నిన్న రాత్రి మీరు చేసింది ప్రభుత్వంపై కుట్ర అని మీకు అర్థమవుతోందా అని మొహం మీదే అడిగింది. ఆ చేతులు చూశాక చాలా ఇళ్ళల్లో అభిప్రాయం మారింది. మారాక, ముందేమనుకున్నారో నిజంగానే గుర్తుండదు.

మనవాళ్ళూ ఏం తక్కువ కాదు. అప్పటికి రెండు నెలల కిందటే పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యారని మా తెలుగు గుంపు గారెలు వండుకుని తిన్నది. ఆయన ఈ కుట్ర గురించి, అదుపు లేకుండా మార్పులు కోరుకునే వాళ్ళకి ఇదొక హెచ్చరిక అన్నట్టు మాట్లాడారని తెలిసేసరికి గదిలో రెండు వర్గాలు. పెద్దాయన ఆచితూచి మాట్లాడారని కొందరు, తొందరపడ్డారని కొందరు. మూడు రోజుల తర్వాత తొందరపడ్డారన్న వాళ్ళదే పైచేయి అయింది, అది వేరే సంగతి.

వైట్ హౌస్ దగ్గరికి నేను వెళ్ళానా? ఇక్కడ నా గుట్టు నేనే బయటపెట్టుకుంటాను.

వెళ్ళాను. బుధవారం సాయంత్రం, సైన్యం వెళ్ళిపోయాక. బారికాద్నయ మెట్రో దగ్గర దిగాను (1905 తిరుగుబాటులో అక్కడ బారికేడ్లు కట్టారని ఆ పేరు, ఆ వారం అందరికీ ఆ పేరు మీదే జోకులు). రాడ్లు, బెంచీలు, అడ్డంగా నిలిపిన ట్రాలీబస్సులు. పెద్ద పండగలా ఉంది. ఒక బారికేడ్ మీద కూర్చుని ఫొటో దిగాను, దాన్ని ఇంటికి పంపాను. ఆ ఫొటో చూసినవాళ్ళు "నువ్వూ ఉన్నావా అక్కడ!" అంటే "ఆ, ఉన్నాను" అన్నాను. మొదట ఆ ఒక్క మాటే. తర్వాత తర్వాత "రాత్రంతా" అనేది చేరింది. అయిదారేళ్ళ తర్వాత ఒక రైలు ప్రయాణంలో ఇదే కథ చెప్తుంటే ఎదురుగా కూర్చున్నాయన, నిజంగా ఉన్నవాడు, మెల్లగా అడిగాడు: "మంగళవారం రాత్రి వానకి మీరేం కప్పుకున్నారు?" నా దగ్గర జవాబు లేదు. నాకు వాన సంగతే గుర్తులేదు, ఎందుకంటే నేను హాస్టల్ గదిలో కిటికీ మూసుకుని ఉన్నాను. ఆయన నవ్వి టీ పోశాడు, ఇంకేం అనలేదు.

అక్కడున్న వాళ్ళు ముందు చెప్పేది వానే. మంగళవారం రాత్రి పదకొండు నుంచి కర్ఫ్యూ అన్నారు, ఎవరూ కదల్లేదు, తడిసిన చెక్కలతో మంటలు, ఒక గొడుగు కింద ముక్కూమొహం తెలియని నలుగురు. ఆ రాత్రే ముగ్గురు చనిపోయారు. సదోవయ రింగురోడ్డు నోవీ అర్బాత్ వీధి కింద నుంచి వెళ్ళే సొరంగం దగ్గర, సాయుధ శకటాలను ఆపబోయి. ద్మీత్రీ కోమర్, వ్లదీమిర్ ఊసోవ్, ఇల్యా క్రిచెవ్‌స్కీ. కోమర్ అఫ్ఘాన్ యుద్ధం చేసి వచ్చినవాడు. ఆ బండ్లు అసలు వైట్ హౌస్ వైపు కాదు, దాన్నుంచి దూరంగా వెళ్తున్నాయని తర్వాత తేలింది. 24న అంత్యక్రియలకి వెళ్ళాను, ఇది మాత్రం నిజంగా వెళ్ళాను, జనం అంతమంది ఉండి అంత నిశ్శబ్దం నేనెక్కడా చూడలేదు.

అందుకే మీరు పెదనాన్న మాటని వీడియోతో పోల్చి చూసేటప్పుడు కొన్ని గుర్తుపెట్టుకోండి.

టీవీలో స్వాన్ లేక్ అనే హంసల బాలే నాట్యం మూడు రోజులూ ఆగకుండా వేశారని అందరూ అంటారు. వేసిన మాట నిజం, కానీ మధ్యలో కచేరీలు, ప్రకటనలు, వార్తలు కూడా ఉన్నాయి. అంతకుముందు దేశాన్నేలిన బ్రెజ్నెవ్ పోయినప్పుడూ ఆ తర్వాతి ఇద్దరు పోయినప్పుడూ టీవీలో ఇలాగే శాస్త్రీయ సంగీతం, బాలేలు వచ్చాయి, కాబట్టి హంసలు కనపడగానే "ఇప్పుడెవరు పోయారు?" అని అడిగే జనం అది. ఆ నాలుగు సందర్భాలూ కలిసిపోయి ఒకే పెద్ద బాలేగా మిగిలాయి.

ట్యాంకు మీద యెల్ట్సిన్‌ను కళ్ళారా చూశామనే వాళ్ళలో ఎక్కువమంది టీవీలో చూసినవాళ్ళే. సోమవారం మధ్యాహ్నం ఆయన ఎక్కినప్పుడు ముందున్న గుంపు పెద్దదేం కాదు. ఆ రాత్రి వార్తల్లో ఒక విలేకరి ఆ దృశ్యాన్ని ఎలాగో చొప్పించి ప్రసారం చేయించాడు, దేశమంతా చూసింది అప్పుడే. కుట్రదారుల చేతిలో ఉన్న టీవీలోనే కుట్రకి ఎదురు తిరిగినవాడిని చూపించడం, అదొక వింత.

వైట్ హౌస్ కాలిపోయి నల్లబడటం 1991 కాదు, 1993 అక్టోబరు. ఈ పొరపాటు రష్యన్లూ చేస్తారు. అప్పుడు ట్యాంకులు నిజంగానే పేల్చాయి, అదీ యెల్ట్సిన్ ఆర్డర్ మీద, వందమందికి పైగా పోయారు. పెదనాన్న ఫిరంగి మోతలు విన్నానంటే ఆయన 93 గురించి చెప్తున్నారు, సరిచేయకండి, అది కూడా రాసుకోండి.

మాస్కో బయట అయితే ఇంకా వేరు. లెనిన్‌గ్రాద్‌లోకి (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ట్యాంకులు రాలేదు, కానీ ప్యాలెస్ స్క్వేర్ నిండా జనం చేరారు. ఎస్టోనియా 20న, లాత్వియా 21న స్వతంత్రం ప్రకటించేసుకున్నాయి. ఉరల్స్ వైపు ఒక ఫ్యాక్టరీ ఊళ్ళో ఉండే ఒకాయన్ని అడిగితే "ఆ వారం బంగాళాదుంపలు తవ్వుతున్నాం, గురువారం ఊళ్ళోకొస్తే అంతా అయిపోయింది" అన్నాడు. ఆయన దృష్టిలో కుట్ర అసలు జరగనే లేదు.

ఇంటికి టెలిగ్రామ్ ఇద్దామని మంగళవారం పొద్దున త్వెర్‌స్కయ వీధిలో సెంట్రల్ టెలిగ్రాఫ్‌కి వెళ్ళాను. లైన్. ఇంగ్లిష్ అక్షరాల్లో "క్షేమం, కంగారు పడొద్దు" అని కొట్టించాను. అది మా ఊరు చేరింది శుక్రవారం, అమ్మ వరలక్ష్మీ వ్రతంలో పీట మీద ఉండగా. మూడు రోజులుగా ఆకాశవాణి వార్తలు విని అన్నం మానేసిన నాన్న, అప్పటికి అంతా అయిపోయిందని తెలిసి కూడా ఆ కాగితం చూసే తిన్నారట. ఇక ఆయన నాకు రాసిన ఉత్తరం సెప్టెంబరులో అందింది. విప్పితే మాస్కో ప్రసక్తే లేదు, కుట్రకి ముందు రాసింది. నాలుగు పేజీలూ చుండూరు గురించే. ఆగస్టు 6న అక్కడ దళితులను చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసిన సంగతి. మా ఊరికి సైకిల్ మీద వెళ్ళొచ్చే దూరం. సోవియట్ పత్రికల నున్నటి కాగితాలతో నా పుస్తకాలకి అట్టలేసిన మనిషి ఆయన. "అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావు, అదే చాలు" అని ఆఖర్లో రాశారు. ఆ నెలలో ప్రపంచమంతా మాస్కో వైపు చూస్తోంది, మా నాన్న మాత్రం నేను మంచిచోట ఉన్నానని ఊపిరి పీల్చుకుంటున్నారు.

ఇక మీ పెదనాన్నని ఎలా అడగాలి. "భయమేసిందా?", "చరిత్రని చూస్తున్నానని అనిపించిందా?" లాంటివి అడిగితే "ఏముందిరా" అనే అంటారు, నేనైనా అదే అంటాను. ఆ రోజు ఏం తిన్నారో అడగండి. గదిలో ఇంకెవరుండేవాళ్ళో, రేడియో ఎవరిదో అడగండి. మంగళవారం వాన గుర్తుందా అడగండి, గుర్తులేకపోతే వదిలేయండి, దాన్ని పట్టుకుని నిలదీయొద్దు, నాకు తెలుసు ఆ బాధ. ముఖ్యంగా ఆయన ఒక్కో ముక్క చెప్తుంటే "ఇది మీరు చూశారా, ఎవరైనా చెప్పారా, టీవీలోనా?" అని మధ్యమధ్య తీరిగ్గా అడుగుతూ ఉండండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టేముందు చెప్పి పెట్టండి. ఇంకోటి, పక్కన పెద్దమ్మ లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి అడగండి, రెండు వేర్వేరు కథలొస్తాయి.

వైట్ హౌస్ దగ్గర నిలబడ్డవాళ్ళకి 1992లో పతకాలిచ్చారు. లైన్లో నిలబడ్డవాళ్ళకి చక్కెర దొరికింది. మా వాచ్‌మన్ ఆవిడ ఆ చక్కెరతోనే స్మొరోదినా జామ్ కాచి, సెప్టెంబరులో ఒక సీసా నాకిచ్చింది. మూతకి గుడ్డ కట్టి, మీద పెన్సిల్‌తో "1991" అని రాసిన చీటీ అంటించి. చపాతీల్లోకి నవంబరు దాకా వచ్చింది. మీ పెదనాన్న ఏ పేటలో, ఏ కొట్టు ముందు నిలబడ్డారో కూడా కనుక్కోండి. మా హాస్టల్ ఉన్న యూగో-జాపద్నయ వైపు అయితే, ఆ ఆకుపచ్చ రుమాలు పెద్దావిడ తర్వాత నేను, నా తర్వాత ఎవరో ఒక నల్లటి కుర్రాడు "పస్లేద్నియ్" అని చెయ్యెత్తాడు. తెలుగువాడేమోనని అప్పుడు అడగలేదు.